విమానంలో ఇంటర్నెట్ కొనాలంటే పని జహీరాబాద్‌లోనే మొదలుపెట్టాలి

విమానంలో ఇంటర్నెట్ కావాలంటే డబ్బు ఒక్కటీ ఉంటే చాలదు. ముందుగా చేసి పెట్టుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవన్నీ నేల మీద ఉండగానే చేయాలి. ఇంట్లో ఫోన్‌కు సిగ్నల్ ఉన్నప్పుడు, ఓటీపీలు వస్తున్నప్పుడు ఓ అరగంట కూర్చుంటే అయిపోతుంది. ఆ పనే ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో మొదలుపెడితే జేబులో కార్డు, ఖాతాలో డబ్బు రెండూ ఉండి కూడా ఏమీ చేయలేక కూర్చోవాల్సి వస్తుంది.

జహీరాబాద్ నుంచి, చుట్టుపక్కల కోహీర్, న్యాల్కల్, ఝరాసంగం ఊళ్ళ నుంచి దుబాయ్‌కో దోహాకో పనికి పోయేవాళ్ళున్నారు. కూతురి కాన్పుకని అమెరికా బయల్దేరే తల్లులున్నారు. వాళ్ళను శంషాబాద్‌లో దింపి వచ్చినవాళ్ళకు తిరుగు దారంతా మనసు ఫోన్ మీదే. పటాన్‌చెరు దాటి అరవై అయిదో నంబరు జాతీయ రహదారి ఎక్కారో లేదో, "ఎక్కిందా? పక్క సీట్ల ఎవలున్నరు? ఏమన్న తిన్నదా?" అని మొదలవుతుంది. ఆ ప్రశ్నకు గాల్లోంచి ఒక్క జవాబు రావడానికి ఏమేం చేయాలో ఎన్నడూ చేయనివాళ్ళ కోసం వరుసగా చెబుతాను.

1. మీరు ఎక్కే విమానంలో ఇంటర్నెట్ ఉందా?

టికెట్ చేతికి రాగానే విమాన సంస్థ పేరు, విమానం రకం చూడండి. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు తక్కువ చార్జీతో నడిచే ఇండిగో, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ చిన్న విమానాల్లో సాధారణంగా ఇంటర్నెట్ ఉండదు. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్, ఎతిహాద్, సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటి సంస్థల పెద్ద విమానాల్లో దాదాపుగా ఉంటుంది. సంస్థ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో మీ బుకింగ్ తెరిస్తే విమానం రకం కనబడుతుంది, వైఫై ఉంటే దాని గుర్తు కూడా ఉంటుంది. చివరి నిమిషంలో విమానం మారిపోవడం మామూలే కాబట్టి ముందురోజు ఇంకోసారి చూసుకోండి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. కొన్ని విమానాల్లో వైఫై పేరు కనబడుతుంది, ఫోన్ కనెక్ట్ కూడా అవుతుంది, కానీ వాట్సాప్ మాత్రం కదలదు. అది విమానంలోనే ఒక పెట్టెలో నింపి పెట్టిన సినిమాలు, పాటలు మీ ఫోన్‌లో చూపించే ఏర్పాటు మాత్రమే. దానికి బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు.

మన దేశంలో విమానాల్లో ఇంటర్నెట్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. బయట మాత్రం లుఫ్తాన్సా విమానాల్లో బోయింగ్ వాళ్ళ 'కనెక్షన్' అనే సేవ 2004లోనే మొదలైంది. ప్రయాణానికి దాదాపు 30 డాలర్లు పెట్టి కొనేవాళ్ళు సరిపడా దొరకక 2006 చివరికి మూతపడింది. మన దగ్గర 2018 డిసెంబరులో కేంద్రం నియమాలు తెచ్చింది. 2020లో విస్తారా తన బోయింగ్ 787 విమానాల్లో, అంతర్జాతీయ మార్గాల్లో మొదలుపెట్టింది. ఆ విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. 2025 జనవరి 1న ఎయిర్ ఇండియా దేశీయ మార్గాల్లో ఏ350, బోయింగ్ 787-9, కొన్ని ఏ321 నియో విమానాల్లో వైఫై ఉచితంగా ఇస్తున్నట్టు ప్రకటించింది. కాబట్టి ఢిల్లీకో ముంబైకో పోతుంటే ముందు ఇది చూసుకోండి, కొనాల్సిన అవసరమే రాకపోవచ్చు.

2. కొనే ముందు సభ్యత్వం తీసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, చాలామంది దాటేసేదీ ఇదే. ఇప్పుడు పెద్ద సంస్థలు చాలావరకు తమ సభ్యులకు మెసేజ్‌ల వరకైనా ఉచితంగా ఇస్తున్నాయి. సభ్యత్వానికి రూపాయి కట్టక్కర్లేదు. ఎమిరేట్స్ వాళ్ళ స్కైవార్డ్స్‌లో చేరితే ఎకానమీలో కూర్చున్నా మెసేజింగ్ ఉచితం. ఎతిహాద్ గెస్ట్ సభ్యులకూ అంతే. లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా సభ్యులకు మెసేజింగ్ ఇస్తున్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2023 జులై నుంచి క్రిస్‌ఫ్లయర్ సభ్యులందరికీ, ఏ తరగతిలో కూర్చున్నా, పూర్తి ఇంటర్నెట్టే ఉచితం చేసింది. ఖతార్ ఎయిర్‌వేస్ 2024 అక్టోబరు నుంచి స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ బిగించిన విమానాల్లో ప్రయాణికులందరికీ ఉచితంగా ఇస్తోంది.

సంస్థ వెబ్‌సైట్‌లో ఈమెయిల్, ఫోన్ నంబరు ఇచ్చి చేరండి. వచ్చిన సభ్యత్వ నంబరును టికెట్ బుకింగ్‌లో ఎక్కించండి. ఎక్కించకపోతే చేరీ లాభం లేదు, విమానంలో ఆ పేజీ మిమ్మల్ని సభ్యులుగా గుర్తించదు. ఏజెంటు దగ్గర టికెట్ కొన్నా పీఎన్ఆర్, పేరుతో మీరే బుకింగ్ తెరిచి ఎక్కించుకోవచ్చు. కుదరకపోతే చెక్-ఇన్ కౌంటర్‌లో అడగండి, అక్కడ ఎక్కిస్తారు.

ఇక పేరు సంగతి. తెలుగువాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. విమానంలో వైఫై పేజీ తెరవగానే సీటు నంబరో పీఎన్ఆరో, దాంతో పాటు 'లాస్ట్ నేమ్' అడుగుతుంది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. చివర ఉన్నది మన పేరే కదా అని అదే కొడతాం, తప్పంటుంది. మళ్ళీ కొడతాం, మళ్ళీ తప్పే. వాళ్ళు అడిగేది పాస్‌పోర్టులో 'సర్‌నేమ్' గడిలో ఉన్న పేరు. ఇంటిపేరు పట్లోళ్ళ, పేరు లక్ష్మి అనుకుందాం. బోర్డింగ్ పాస్ మీద పట్లోళ్ళ/లక్ష్మి అని ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ వాలు గీతకు ముందున్నదే కొట్టాలి, అది కూడా పాస్ మీద ఏ స్పెల్లింగ్‌తో ఉంటే దాంతోనే. ఒక్కో సర్టిఫికెట్ మీద ఒక్కో రకంగా రాయించుకున్న ఇంటిపేర్లు మన దగ్గర ఎన్నో. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్ళ టికెట్ మీద ఒకే పేరు రెండుసార్లు పడొచ్చు, లేదా పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అనే మూడక్షరాలు ఉండొచ్చు. ఏమున్నా సరే, గీతకు ముందున్నది చూసి కొట్టండి. సభ్యత్వం తీసుకునేటప్పుడు కూడా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని అందులో ఉన్నట్టే నింపండి.

3. డబ్బు కట్టే దారి సిద్ధం చేసుకోండి

మెసేజ్‌లు చాలవు, ఆఫీసు పని ఉంది, వెబ్‌సైట్లు తెరవాలి అంటే కొనాల్సిందే. అక్కడ మీ ఫోన్‌పే, గూగుల్‌పే పనికొస్తాయని అనుకోకండి. విదేశీ సంస్థల వైఫై పేజీలు వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ లాంటి కార్డులనే అడుగుతాయి. జహీరాబాద్‌లో చాలామంది చేతిలో ఉండేది రూపే డెబిట్ కార్డు, దాన్ని చాలా పేజీలు తీసుకోవు. ఇంట్లో ఎవరి దగ్గరైనా వీసాదో మాస్టర్‌కార్డ్‌దో ఉంటే దాన్ని సిద్ధం చేయండి.

ఉన్నంత మాత్రాన పని చేయదు. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లో గీకడానికే మొదట పనిచేస్తాయి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనంతట మనం తెరుచుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల భాగానికి వెళ్తే 'ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్' అనే మీట ఉంటుంది. దాన్ని తెరిచి, లోపల ఆన్‌లైన్ వాడకాన్ని కూడా తెరిచి, పరిమితి రెండు మూడు వేల రూపాయలు పెట్టండి. యాప్ వాడటం రానివాళ్ళు బ్రాంచికి పోయి అడగండి. అది మీ హక్కు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తర్వాతి చిక్కు ఓటీపీ. విదేశీ సైట్లు కొన్ని ఓటీపీ లేకుండానే డబ్బు తీసుకుంటాయి, కొన్ని అడుగుతాయి. అడిగితే అది ఎస్ఎంఎస్‌గా వస్తుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంటే ఎస్ఎంఎస్ రాదు. ఓటీపీ వస్తేనే ఇంటర్నెట్, ఇంటర్నెట్ వచ్చినా రాని ఓటీపీ. అందుకే ముందుగా కొనే వీలుంటే నేల మీదే కొనేయండి. కొన్ని సంస్థలు బుకింగ్ పేజీలో సీటు, సామాను కొన్నట్టే వైఫై కూడా ముందుగా అమ్ముతాయి. ఆ వీలు లేకపోతే మీ బ్యాంకు ఓటీపీని ఈమెయిల్‌కు కూడా పంపుతుందేమో కనుక్కోండి.

విదేశీ కరెన్సీలో కడితే ధర మీద మరికొంత పడుతుంది. చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ వేస్తాయి, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. పది డాలర్ల ప్యాక్, డాలరు 90 రూపాయలు అనుకుంటే 900 రూపాయలు. 3.5 శాతం మార్కప్ అంటే 31 రూపాయల 50 పైసలు, దాని మీద జీఎస్టీ ఇంకో ఐదారు రూపాయలు. భయపడేంత కాదు, తెలిసి ఉంటే చాలు.

కార్డే లేదంటారా? యూపీఐతో కుదిరే దారి ఒకటుంది, ఇది మనవాళ్ళకు బాగా పనికొస్తుంది. జియో, ఎయిర్‌టెల్ విమాన ప్రయాణానికని విడిగా ప్యాక్‌లు అమ్ముతున్నాయి. మామూలు రీఛార్జి చేసినట్టే యాప్‌లో ఫోన్‌పేతో కట్టేయొచ్చు. ఎయిర్‌టెల్ 2024 ఫిబ్రవరిలో ఇవి మొదలుపెట్టినప్పుడు 195 రూపాయలకు 250 ఎంబీ, 295కు 500 ఎంబీ, 595కు ఒక జీబీ అని ప్రకటించింది. ఒక్కోదానికి గడువు 24 గంటలు, వంద నిమిషాల కాల్స్, వంద ఎస్ఎంఎస్‌లు అదనం. అప్పటికి 19 విమాన సంస్థల్లో పనిచేసేలా ఏర్పాటు చేశారు. కొనేరోజు ధర, మీరెక్కే సంస్థ పేరు జాబితాలో ఉందో లేదో యాప్‌లో చూసుకోండి. ఇది వైఫై కాదు. విమానంలోనే ఒక చిన్న టవరు ఉంటుంది, మీ సిమ్ దానికి తగులుకుంటుంది. పేజీ, పాస్‌వర్డ్, లాస్ట్ నేమ్ బాధ లేదు. ఎస్ఎంఎస్‌లూ వస్తాయి. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్ళను పంపుతున్నప్పుడు, వాళ్ళెక్కే విమానంలో ఈ సౌకర్యం ఉంటే, నేనైతే ఇదే కొనిపెడతాను.

4. ఏ ప్యాక్ కొనాలి?

మెసేజ్‌ల ప్యాక్ అంటే సాధారణంగా వాట్సాప్‌లో రాసిన మాటలు మాత్రమే. ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు పోకపోవచ్చు. రాయడం రాక వాయిస్ పెట్టే అలవాటున్న అమ్మకు ఈ ప్యాక్ కొంటే ఆమె వాడలేదు. బ్రౌజింగ్ ప్యాక్‌లో వెబ్‌సైట్లు, ఈమెయిల్ వస్తాయి. వీడియోలు చూసే ప్యాక్ అన్నిటికన్నా ఖరీదు. తేడా ఎంతుంటుందో తెలియడానికి ఒక ఉదాహరణ: 2024లో విస్తారా అంతర్జాతీయ విమానాల్లో చాటింగ్ ప్యాక్ 372 రూపాయల చిల్లర అయితే పై ప్యాక్ 2,707 రూపాయలు, జీఎస్టీ వేరు.

దుబాయ్ ప్రయాణం దాదాపు నాలుగు గంటలే. దానికి వేలు పెట్టి కొనడం దండగని నా అభిప్రాయం. ఉచిత మెసేజింగ్‌తో గడిచిపోతుంది. కానీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో దోహాలోనో విమానం మారి అమెరికా దాకా ఒంటరిగా పోయే తల్లి విషయం వేరు. ఆలస్యమైతే తర్వాతి విమానం గేటు ఎక్కడో, ఎవరిని ఏమని అడగాలో ఇంటి నుంచి పిల్లలు చెప్పగలగాలి. ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉండగా బయల్దేరాల్సి వచ్చినవాళ్ళకూ అంతే. అలాంటప్పుడు వెనకాడకుండా కొనండి.

ఎంబీల లెక్కన కొంటే ఒక జాగ్రత్త. మనం ఏమీ చేయకపోయినా ఫోన్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. గూగుల్ ఫొటోస్ మీ పెళ్ళి వీడియోలు పైకి పంపుతుంటుంది, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన శుభోదయాలన్నీ దిగుతుంటాయి, యాప్‌లు అప్‌డేట్ అవుతుంటాయి. 250 ఎంబీ ఎంతసేపు? కాబట్టి బయల్దేరే ముందే వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్, డేటా భాగంలోకి పోయి వైఫైలో, రోమింగ్‌లో మీడియా దానంతటది దిగకుండా ఆపండి. ఫొటోల బ్యాకప్ ఆపండి. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపండి. బోర్డింగ్ పాస్, వీసా, చిరునామా, ఫోన్ నంబర్లు ఫొటోలు తీసి ఫోన్‌లోనే దాచండి.

5. విమానం ఎక్కాక

తలుపులు మూయగానే ఫ్లైట్ మోడ్ పెట్టండి. భారత గగనతలంలో విమానం మూడు వేల మీటర్ల ఎత్తు, అంటే దాదాపు పది వేల అడుగులు దాటాకే వైఫై వాడనిస్తారు. అప్పటిదాకా వైఫై పేరు కనబడకపోయినా కంగారు పడొద్దు.

ఎత్తు అందుకున్నాక ఫ్లైట్ మోడ్ అలాగే ఉంచి వైఫై మాత్రం వేయండి. జాబితాలో సంస్థ పెట్టిన పేరు కనబడుతుంది. ఖతార్‌లో ఓరిక్స్‌కామ్స్, సింగపూర్‌లో క్రిస్‌వరల్డ్, ఎయిర్ ఇండియాలో ఎయిర్ ఇండియా వైఫై. ముందు సీటు జేబులో ఉన్న కార్డు మీద ఏ పేరుంటే దాన్నే నొక్కండి. 2024లో ఆస్ట్రేలియా పోలీసులు ఒకతని మీద కేసు పెట్టారు. విమానంలో అచ్చం అసలుదానిలాంటి పేరుతో నకిలీ వైఫై నడిపి, ఎక్కినవాళ్ళ ఈమెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డులు లాగాడని ఆరోపణ. అసలు పేజీ సీటు నంబరు, పేరు, సభ్యత్వం అడుగుతుంది. జీమెయిల్ పాస్‌వర్డో ఫేస్‌బుక్ పాస్‌వర్డో కొట్టమంటే వెంటనే బయటికొచ్చేయండి, సిబ్బందికి చెప్పండి.

పేరు నొక్కాక పేజీ దానంతటదే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే బ్రౌజర్‌లో కార్డు మీద ఇచ్చిన చిరునామా కొట్టండి. అప్పటికీ రాకపోతే ఫోన్‌లో వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్ ఉన్నాయేమో చూసి ఆపండి. సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ అని వెతికితే దొరుకుతుంది. పేజీ వచ్చాక షరతులకు ఒప్పుకుని, ఉచిత ప్యాక్ కనబడితే అదే ఎంచుకోండి. కొనేటప్పుడు గంటకా, ప్రయాణం మొత్తానికా, ఒక్క ఫోన్‌కా అన్నది చదివి కట్టండి. కట్టాక వచ్చిన రసీదు పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి.

టెలికాం ప్యాక్ కొన్నవాళ్ళ పద్ధతి వేరు. సిబ్బంది ఫోన్ నెట్‌వర్క్ వాడుకోవచ్చని చెప్పాకే ఫ్లైట్ మోడ్ తీసి డేటా రోమింగ్ వేయాలి. ప్యాక్ కొననివాళ్ళు మాత్రం ఫ్లైట్ మోడ్ తీయనే తీయొద్దు. ముఖ్యంగా పోస్ట్‌పెయిడ్ వాళ్ళు. విమానంలోని టవరుకు సిమ్ తగులుకుంటే నెలాఖరు బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది.

వేగం ఇంట్లో ఉన్నట్టు ఉండదు. విమానం నెత్తిన మూపురంలా ఉండే కప్పు కింద యాంటెన్నా ఉంటుంది, అది ఉపగ్రహంతో మాట్లాడుతుంది. పాత రకం ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మీరు నొక్కిన మాట అక్కడిదాకా పోయి నేలకు దిగి, జవాబు మళ్ళీ అదే దారిన రావాలి, అందుకే అర సెకనుకు పైగా ఆలస్యం. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక అక్కడ వేగం బాగుంటుంది. ఏ రకమైనా సరే, వాడంతటికీ ఒకే నల్లా ఉన్నట్టు, విమానంలో అందరూ పంచుకోవాల్సింది ఆ ఒక్క కనెక్షనే. అన్నం పెట్టే వేళలో, అందరూ నిద్రపోయాక కాస్త ఖాళీ దొరుకుతుంది. కొన్ని దేశాల మీద ఎగిరేటప్పుడు అనుమతి లేక పూర్తిగా ఆగిపోతుంది. కాసేపటికి అదే వస్తుంది.

కాల్స్ మాత్రం చేయొద్దు. చాలా సంస్థలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా పక్కవాళ్ళు నిద్రపోతుంటారు.

6. పని చేయకపోతే

వైఫై ఆపి మళ్ళీ వేయండి, ఆ నెట్‌వర్క్‌ను 'ఫర్గెట్' కొట్టి మళ్ళీ ఎక్కండి. కుదరకపోతే సిబ్బందిని అడగండి. విమానం మొత్తానికే ఆగి ఉంటే వాళ్ళు మళ్ళీ వేయించగలరు. డబ్బు వాపసు మాత్రం వాళ్ళ చేతిలో ఉండదు. వైఫై పేజీలో సహాయం అనే చోట ఇచ్చిన ఈమెయిల్‌కు, దిగాక, విమానం నంబరు, తేదీ, సీటు నంబరు, రసీదు స్క్రీన్‌షాట్ జత చేసి రాయండి. ఎర్రర్ వచ్చిన పేజీ స్క్రీన్‌షాట్ కూడా ఉంటే మీ మాటకు బలం.

7. దిగాక

విమానం వైఫై నుంచి బయటికి రండి. కొన్న ప్యాక్ నెల నెలా తిరిగి కట్టించుకునే చందా కాదు కదా అని రసీదులో చూడండి, అయితే రద్దు చేయండి. బ్యాంకు యాప్ తెరిచి ఎంత కోశారో చూసి, విదేశీ వాడకం మీటను మళ్ళీ మూసేయండి. మన సిమ్‌ను తీసి పారేయకండి, జహీరాబాద్‌లోని ఖాతా ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రోమింగ్ డేటా ఆపి, ఫోన్‌లో రెండో సిమ్‌గా ఉంచుకోండి.

దుబాయ్, అబుదాబి వెళ్ళేవాళ్ళు ఇంట్లోవాళ్ళకు ఒక మాట ముందే చెప్పి పెట్టండి. విమానంలో చక్కగా నడిచిన వాట్సాప్‌లో అక్కడ దిగాక మెసేజ్‌లు పోతాయి గానీ కాల్స్ కలవవు, ఆ దేశంలో వాటికి అనుమతి లేదు. "చేరిన" అని రాసి పంపండి, అక్కడి సిమ్ తీసుకున్నాక మామూలు కాల్ చేయండి.